ఒక్క వింత చాలు: మొదటి గేమ్ జామ్‌కి వెళ్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన నోట్స్ రెండూ చదివాను. ఇన్నాళ్లూ కథలు రాసినవాడివి, ఇప్పుడు మొదటిసారి కొద్ది రోజుల్లోనే ఒక గేమ్ మొత్తం తయారుచేసే పోటీలో, అదే గేమ్ జామ్‌లో దిగుతున్నావు. అదీ కలలాంటి లోకంలో తిరుగుతూ పజిల్స్ విప్పుకునే గేమ్‌తో. చాలా సంతోషం. నోట్స్‌లో ఊహలకు కొదవ లేదు. ఆకాశంలో ఈదే తిమింగలాలు, కరిగిపోయే మెట్లు, ముఖాల్లేని జనం, తలకిందుల అడవి, జ్ఞాపకం పోగొట్టుకున్న అమ్మాయి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ బాగుంది. అన్నీ ఒకేచోట చూసేసరికి మాత్రం నాకు కంగారు పుట్టింది.

నీకున్నది రెండు రోజులే కదా అని కాదు. రెండేళ్లున్నా ఇదే చెప్పేదాన్ని. ఆ జాబితాలోంచి ఒక్క వింతను ఉంచుకో, మిగతావి పక్కన పెట్టు. ఆ ఒక్క వింతకి ఒక నియమం రాయి. ఆ నియమాన్ని గేమ్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఎక్కడా తప్పకు.

కథలో నువ్వు ఎటు తీసుకెళ్తే పాఠకుడు అటు వస్తాడు. ఒక వాక్యంలో తిమింగలం ఎగిరితే ఎగిరిందనుకుని ముందుకు వెళ్తాడు. గేమ్ ఆడేవాడి సంగతి వేరు. అడుగు వేయాల్సింది, తలుపు తట్టాల్సింది, తప్పో ఒప్పో తేల్చుకోవాల్సింది అతనే. ఇక్కడ ఇలా చేస్తే అలా అవుతుంది అని ఊహించగలిగితేనే ఆలోచిస్తాడు. ఏదైనా ఎలాగైనా మారిపోయే లోకంలో ఆలోచించడం దండగ కాబట్టి కనిపించిన ప్రతిదాన్నీ నొక్కుకుంటూ పోతాడు. అప్పుడు నీది పజిల్ గేమ్ కాకుండా పోతుంది. వింత ఎంత పెద్దదైతే నియమం అంత గట్టిగా ఉండాలి.

చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1953లో వేసిన ‘గోల్కొండ’ బొమ్మ ఒకసారి తీరిగ్గా చూడు. ఎర్ర కప్పుల ఇళ్లు, మామూలు కిటికీలు, మామూలు ఆకాశం. నల్ల కోట్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు వాన చినుకుల్లా గాల్లో నిలబడి ఉంటారు. ఇళ్లు కరగలేదు, ఆకాశం రంగు మారలేదు, ఆ మనుషుల ముఖాల్లో ఆశ్చర్యం కూడా లేదు. మారింది ఒక్కటే. మిగతాదంతా అంత మామూలుగా ఉండబట్టే అది మనల్ని కుదురుగా ఉండనివ్వదు.

ఈ తరహా గేమ్స్‌లో రెండింటి పేర్లు నీ నోట్స్‌లో ఉన్నాయి. 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ‘ఎల్‌ఎస్‌డీ: డ్రీమ్ ఎమ్యులేటర్’లో గోడనో వస్తువునో తాకితే చాలు, ఇంకోచోట తేలతావు. 2004లో వచ్చిన ‘యుమే నిక్కి’లో గది దాటి బయటికి రాని అమ్మాయి నిద్రపోయి, తన కలల్లో తిరుగుతూ తన రూపాన్నో శక్తినో మార్చే 24 ‘ఎఫెక్ట్స్’ పోగుచేస్తుంది. రెండూ నాకు ప్రాణం. కానీ వాటిలో ఉన్నది దాదాపుగా తిరుగుడే. విప్పాల్సిన ముడులు చాలా తక్కువ. గంటల తరబడి తిరిగితే పట్టుకునే మత్తు అది. జామ్‌లో నీ గేమ్ ఆడేవాళ్లు ఆ రోజు ఇంకా చాలా గేమ్స్ ఆడాలి. నీకు పది నిమిషాలిస్తే గొప్ప. కాబట్టి వాటి వాతావరణం నేర్చుకో, నడక మాత్రం నీదే వెతుక్కో.

నియమం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఇది నీకు నచ్చితే తీసుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఒక ఇల్లు. ఆ ఇంట్లో గోడ గానీ, నేల గానీ, వంతెన గానీ, దాన్ని ఆనుకుని ఏదో ఒకటి మోగుతున్నంతసేపే ఉంటుంది. మోత ఆగితే మాయమవుతుంది, సన్నటి గీత మాత్రం మిగులుతుంది. అంతే నియమం. ఈ మాట గేమ్‌లో ఎక్కడా రాయకూడదు.

మొదటి గదిలో ఒక ఫ్రిజ్ గుర్రుమంటూ ఉంటుంది. ఎదురుగా గోడ, గోడకి టిక్ టిక్ మంటూ గడియారం. ఆ గదిలో చేతికి అందేది గడియారం ఒక్కటే. తాకితే ఆగుతుంది, గోడ పోతుంది, దారి కనిపిస్తుంది. మళ్లీ కీ ఇస్తే గోడ వస్తుంది. ఆడేవాడు రెండు మూడుసార్లు ఆపి, నడిపి చూసుకుంటాడు. చూసుకోనివ్వు. ఇక్కడ పొరపాటు చేసినా పోయేదేమీ లేదు. నేర్పే గది ఎప్పుడూ ఇలాగే ఉండాలి.

రెండో గదిలో లోయ, దాని మీద వంతెన, వంతెన అంచున మోగుతున్న రేడియో. దాటి వెళ్తే ఇంకో లోయ. అక్కడ వంతెన లేదు, గీత మాత్రమే ఉంది. రేడియో తీసుకెళ్దామని ఎత్తితే ఉన్న వంతెన పోతుంది. కాసేపు అటూ ఇటూ తిరిగాక వెనక గదిలో గడియారం ఉందని గుర్తొస్తుంది. దాన్ని తెచ్చి మొదటి వంతెన దగ్గర పెట్టి, రేడియోతో ముందుకు వెళ్తాడు. గమనించావా, కొత్త వస్తువేదీ ఇవ్వలేదు. తెలిసిన గదినే ఇంకో కళ్లతో చూసేలా చేశాం. అన్వేషణ అంటే నా లెక్కలో అదే. మ్యాప్ పెద్దది చేయడం కాదు. ఒకటి మాత్రం చూసుకో, గడియారం గుర్తు రాకముందే ఆ రెండో లోయ మీది గీతను ఆడేవాడు చూసి ఉండాలి. తాళం కనిపించకుండా తాళంచెవి దొరికితే దాని విలువ తెలియదు.

చివరి గదిలో ఏమీ మోగదు. ఫ్రిజ్ లేదు, గడియారం లేదు, తలుపూ లేదు. మరి నేల ఎలా ఉంది? అతని అడుగుల చప్పుడు మీద ఉంది. దారి కోసం గోడల వెంట తిరుగుతున్నంతసేపూ నేల గట్టిగా ఉంటుంది. ఆలోచిద్దామని ఆగితే కాళ్ల కింద పలచబడటం మొదలవుతుంది. భయపడి మళ్లీ నడుస్తాడు. బయటికి దారి కిందనే ఉంది, కదలకుండా నిలబడితే చాలు. వెతకడమే దారిని మూసేస్తోందని అతనికి తట్టిన క్షణం కోసమే ఈ గేమ్ అంతా. అక్కడ ఒక్క మాట రాసినా ఆ క్షణం చచ్చిపోతుంది.

చూడు, మూడు గదులు, ఒక నియమం. నియమం మారలేదు, దాని గురించి అతనికి తెలిసింది పెరిగింది. ఇక తిమింగలం అవసరం ఏముంది?

జామ్‌లో అందరికీ ఇచ్చే థీమ్‌ని కూడా ఇలాగే వాడుకో. థీమ్‌ని బొమ్మగా పెట్టేవాళ్లే ఎక్కువ, నువ్వు నియమంగా మార్చు. ‘బాబా ఈజ్ యూ’ అనే పజిల్ గేమ్ పుట్టింది 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో. అక్కడి థీమ్‌కి తెలుగులో ‘అక్కడ లేదు’ అనుకో. గోడ ఆపుతుంది, జెండా గెలిపిస్తుంది లాంటి నియమాలన్నీ అందులో తెర మీదే మాటల దిమ్మెలుగా ఉంటాయి. వాటిని తోసి విడగొడితే ఆ నియమం ఇక అక్కడ లేనట్టే. జామ్‌లో చేసింది చిన్న గేమ్. 2019లో పూర్తి గేమ్‌గా వచ్చినప్పుడూ దాని ప్రాణం ఆ ఒక్క ఊహే.

ఇప్పుడు టైం సంగతి. లూడమ్ డేర్ అనే ఆన్‌లైన్ జామ్‌లో ఒంటరిగా చేసే ‘కాంపో’ విభాగానికి 48 గంటలు, టీమ్‌తో కూడా చేయగలిగే ‘జామ్’ విభాగానికి 72 గంటలు. నీది ఏదైనా, సగం టైం అయ్యేసరికి గేమ్ మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగేలా ఉండాలి. బూడిదరంగు డబ్బాలే గోడలు, ఒక గోళీయే మనిషి, ఫర్వాలేదు. బొమ్మలు ఆ తర్వాతే. డబ్బాలతో ఆడినప్పుడు ఆసక్తిగా లేని పజిల్‌ని ఎంత గొప్ప బొమ్మా కాపాడలేదు. అందుకే టీమ్‌లో బొమ్మలు వేసేవాళ్లని మొదటిరోజు గదులు చెక్కించకు. రంగులు, వెలుతురు, గీత ఎలా ఉండాలి అనేవి తేల్చమను.

మొదటి రాత్రే ఒక ఖాళీ బిల్డ్ (ఆడటానికి వీలుగా కట్టిన గేమ్ ఫైళ్లు) అప్‌లోడ్ చేసి చూసుకో. చాలామంది నీ గేమ్‌ని డౌన్‌లోడ్ చేయరు, బ్రౌజర్‌లోనే ఆడతారు. ఇచ్‌ డాట్ ఐఓ అనే గేమ్స్ సైట్‌లో అయితే జిప్ ఫైల్‌లో ఇండెక్స్ హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ ఉండాలి. ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా నీ కంప్యూటర్ పట్టించుకోకపోయినా సర్వర్ పట్టించుకోవచ్చు. ఇలాంటివి ఆఖరి గంటలో బయటపడితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంకోటి, ఆడేవాడు క్లిక్ చేసేదాకానో కీ నొక్కేదాకానో బ్రౌజర్లు సాధారణంగా సౌండ్ రానివ్వవు. శబ్దం మీద నడిచే గేమ్‌కి అది గండమే. మొదట్లో ‘మొదలుపెట్టు’ అనే బటన్ ఒకటి పెడితే ఆ గండం గడుస్తుంది. అసలు మ్యూట్‌లో ఆడేవాళ్లూ ఉంటారు, వినికిడి లేనివాళ్లూ ఉంటారు. మోగే ప్రతి వస్తువు చుట్టూ నీటి అలల్లాంటి వలయాలు గీయండి. గేమ్ ఇంకా అందంగా కూడా ఉంటుంది.

రచయితవి కాబట్టి నీకు ఎక్కువగా చెప్పాల్సింది మాటల గురించే. జామ్‌లో రచయిత చేతికి పని లేదనిపించినప్పుడు డైరీ కాగితాలు రాయబుద్ధేస్తుంది. గదికో కాగితం, అందులో ఆ అమ్మాయి గతం. వద్దు. పజిల్ బుర్రలో తిరుగుతున్నవాడు కాగితం చదవడు, చదివినా గుర్తుంచుకోడు. పైగా కల గురించి వివరణ ఇచ్చిన మరుక్షణం అది కల కాకుండా పోతుంది. చివర్లో ‘ఇదంతా కలే’ అని మాత్రం పొరపాటున కూడా రాయకు. అంతసేపు నమ్మి ఆడినవాడికి అది అవమానం.

మరి నువ్వు రాసేదేమిటి? ఆ ఇంట్లో ఏ వస్తువు ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది నీ రచన. ఫ్రిజ్ మీద అంటించిన చీటీలో నాలుగు మాటలు నీ రచన. రేడియోలో వచ్చే గొంతు ఏం చదువుతోంది? వార్తలా, వాతావరణమా, ఎవరికో పంపిన సందేశమా? నేనైతే వాతావరణ సూచన చదివిస్తాను, అదీ మామూలు గొంతుతో, ఆ ఇంట్లో గదుల వాతావరణం. గేమ్ పేరు, పేజీలో పెట్టే రెండు లైన్ల పరిచయం కూడా నీవే. ఆ రెండు లైన్లలో నియమాన్ని మాత్రం బయటపెట్టకు.

తెలుగులో రాస్తానన్నావు, తప్పకుండా రాయి. అయితే మొదటి గంటలోనే ‘స్వాతంత్ర్యం’ అనే మాటని గేమ్‌లో పెట్టి చూడు. గేమ్ తయారుచేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో, అంటే ఇంజిన్లలో, ఒత్తులు విడిపోయి పొల్లు అక్షరాలు వరసగా కనిపిస్తాయి. గోడాట్ అనే ఇంజిన్ 4వ వెర్షన్ నుంచి మన లిపిని సరిగ్గా కూర్చగలుగుతోంది, దానికి ముందటి 3లో ఆ సదుపాయం లేదు. యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి చాలామంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మామూలుగా మన ఒత్తుల్ని కూర్చదు. సరిగ్గా రాకపోతే ఆ నాలుగు మాటల్నీ బొమ్మలుగా వేసి పెట్టండి, తక్కువ మాటలుంటే ఇదొక సుఖం. ఒక్కో అక్షరం టైప్ అవుతున్నట్టు కనిపించే ఎఫెక్ట్ జోలికి వెళ్లకు. ‘క్షణం’ అని రాస్తే ముందు ‘క’, తర్వాత ‘క్’, ఆ తర్వాత ‘క్ష’ అయి కూర్చోవచ్చు. మాట మొత్తం ఒకేసారి తెర మీదకి రానివ్వు.

రెండో రోజు పొద్దున, గేమ్ గురించి ఏమీ తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి ఆడించు. పక్కన కూర్చో, నోరు మెదపకు. ఇది చాలా కష్టం. ‘అది కాదు, పక్కది’ అని నాలుక చివరిదాకా వస్తుంది. ఆగు. అతను ఎక్కడ ఆగాడో, దేన్ని చూసి దేనిగా పొరబడ్డాడో, ఏ గోడను అనవసరంగా పదిసార్లు తట్టాడో రాసుకో. పజిల్ చేసినవాళ్లకి జవాబు ముందే తెలుసు కాబట్టి అదెంత కష్టమో వాళ్లకెప్పటికీ తెలియదు. నీకు చాలా తేలిక అనిపించింది వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. కావాలని పెట్టిన తికమక వేరు, కనపడకపోవడం వల్ల వచ్చిన తికమక వేరు. మొదటిది ఉంచు, రెండోదాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేయ్. ఎక్కడైనా ఇరుక్కుపోతే గదిని మళ్లీ మొదలుపెట్టే బటన్ ఉండాలి. నడక వేగం కూడా అప్పుడే చూసుకో. వాతావరణం కోసమని మెల్లగా నడిపిస్తే గడియారం కోసం వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు విసుగొస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం తర్వాత కొత్త గది గురించి ఎవరు మాట్లాడినా ఒప్పుకోకు, నువ్వు మాట్లాడినా సరే. రెండు రాత్రులూ నిద్రపో. నిద్ర లేని బుర్రకి తన నియమమే గుర్తుండదు.

నేను చెప్పిన ఇల్లు కాకుండా నీ జాబితాలోంచే తీసుకుంటానంటే, కరిగిపోయే మెట్లు తీసుకో. అవి ఎందుకు కరుగుతాయి, ఏం చేస్తే కరగవు, కరిగినది ఎక్కడికి పోతుంది? ఈ మూడింటికీ జవాబులు రాసి జామ్ మొదలయ్యేలోగా నాకు పంపు, కూర్చుని మాట్లాడుకుందాం. గేమ్ సబ్మిట్ చేశాక లింక్ కూడా పంపు. ఎలా ఆడాలో మాత్రం చెప్పొద్దు.

ప్రేమతో,
అక్క