ముందు పాట వినిపించు

ప్రియమైన తమ్ముడూ,

బెర్లిన్ ర్యాపర్ సూకీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అభిమానం ప్రతి వాక్యంలోనూ ఉంది. పాట మాత్రం ఎక్కడా వినిపించలేదు. మొదటి పేరా నిండా ఆమె క్వియర్ (ప్రేమ, లింగం విషయంలో సమాజపు మూసలో ఇమడని మనిషి) అనీ, ధైర్యవంతురాలనీ రాశావు. ఆ ధైర్యం దేనికి ఎదురు నిలిచిందో చూపించకపోతే పాఠకుడు నీ మాట నమ్మి ఊరుకోవాలంతే.

2001లో బెర్లిన్‌లో మొదలైన ఆగ్రో బెర్లిన్ అనే ర్యాప్ రికార్డుల కంపెనీ మొరటు మగతనాన్ని సరుకు చేసి అమ్మింది. ప్రత్యర్థిని గే అని తిట్టడం ఆ రోజుల్లో బ్యాటిల్ ర్యాప్‌లో మామూలు. ఎవరైనా తప్పుపడితే, 'ఇది ఆట, ఈ కళ పద్ధతే ఇంత' అనేవాళ్లు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకు. ఎదుటివాణ్ణి మాటతో పడగొట్టడమే బ్యాటిల్ ర్యాప్ పని. సూకీ గొప్పతనం నాకు సరిగ్గా అక్కడే కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి నీతులు చెప్పకుండా తనూ అదే మైకు అందుకుంది. 2011 ఆల్బమ్ విను. ప్రాస, లయ, పొగరు అన్నీ ఆ సంప్రదాయానివే. దెబ్బ మాత్రం తిట్టేవాడికి తగులుతుంది.

'కళ' అనే ఆ డాలు ఎంతదూరం పోయిందో కూడా రాయి. నాజీల ఆష్‌విట్జ్ మృత్యుశిబిరంలోని ఖైదీల దేహాలతో వెకిలి పోలిక కట్టిన ఇద్దరు ర్యాపర్లకు 2018లో జర్మన్ సంగీత పురస్కారం ఎకో అవార్డు ఇచ్చారు. గొడవ ముదిరి చివరికి ఆ అవార్డునే ఎత్తేశారు.

ఇంకో మాట, ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. జర్మన్ తిట్లకు బదులు మన సినిమాల్లో హిజ్రాలను వెక్కిరించే మాటలు పెట్టావు. చదివేవాడు అలవాటుగా నవ్వేస్తాడు, సూకీ పోరాడింది ఆ నవ్వు మీదే. తిట్టారని చెప్పి వదిలెయ్. ఆమె జవాబు పూర్తిగా రాయి.

ఇక నీ వ్యాసంలోని రెండో ర్యాపర్ ఎబో సంగతి. మ్యూనిక్‌లో పెరిగిన కుర్దిష్ అలెవీ (టర్కీలో మైనారిటీగా ఉన్న ఒక మతశాఖ) కుటుంబపు పిల్ల. ఆమె వలస నేపథ్యానికి ఒక పేరా, ఆడవాళ్ల మీద ప్రేమకు ఇంకో పేరా పంచిపెట్టావు. 2022, 2024 ఆల్బమ్‌లు వెంటవెంటనే విను. ఇంటివాళ్ల కథ చెప్పే గొంతూ, ప్రియురాలిని పిలిచే గొంతూ ఒకటే.

జర్మన్ రాదని వెనకాడకు. పాట సాహిత్యం ముందు పెట్టుకుని, ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో, ఏ మాట మీద నొక్కుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. ఎబో భాగం ముందు తిరగరాసి పంపు, చదివి వెంటనే జవాబు రాస్తాను.

నీ
అన్నయ్య