హ్యాపీ వ్యాలీకి వెళ్తున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు హాంగ్‌కాంగ్ వెళ్తున్నాడన్నయ్యా, బుధవారం రాత్రి హ్యాపీ వ్యాలీ రేస్‌కోర్సులో గుర్రప్పందేలు కూడా చూస్తాడట" అంది. మొదటి మాటకు నా గుండె ఉప్పొంగింది. మన ఇంట్లో నా తర్వాత సముద్రం దాటుతున్నవాడివి నువ్వే, అదీ సొంత సంపాదనతో. రెండో మాటకు మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారగానే కూర్చుని ఇది రాస్తున్నాను. మొత్తం చదువు.

హాంగ్‌కాంగ్‌లోకి రావడానికి మనవాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోవాల్సిన ముందస్తు రిజిస్ట్రేషన్ చేసేసి ప్రింట్ తీసుకో. పందేల సీజన్ సెప్టెంబర్ నుంచి జూలై దాకా, ఆ బుధవారం ఉన్నాయో లేదో చూసుకో. పబ్లిక్ స్టాండుకి టికెట్ 10 హాంగ్‌కాంగ్ డాలర్లు. మెట్రోలో కాజ్‌వే బేలో దిగి నడిచిపోవచ్చు కానీ, నా మాట విని ట్రామ్ ఎక్కు. దాని ముందు భాగంలో హ్యాపీ వ్యాలీ అని రాసి ఉంటుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే వదలకు.

చీకటి పడకముందే చేరుకో. రేస్‌కోర్సుకి ఎదురుగా కొండవాలంతా సమాధులే. క్రైస్తవులవి, ముస్లింలవి, పార్సీలవి వరసగా ఉంటాయి. ఆ దారిలోనే మన హిందూ దేవాలయం కూడా ఉంది, ఒక్కసారి దణ్ణం పెట్టుకుని వెళ్ళు. ఒకప్పుడు అదంతా చిత్తడి నేల. జ్వరాలతో బ్రిటిష్ సిపాయిలు చాలామంది పోయారు. ఆ చిత్తడినే పూడ్చి 1846లో మొదటి పందెం నడిపారు. ఇప్పుడు చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల ఇళ్ళు, మధ్యలో పచ్చగడ్డి, ఆ గడ్డి మీద లైట్లు. ఓడ మీద నెలలు గడిపి వచ్చిన నాకు ఆ పచ్చదనం చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లోపలికి వెళ్ళగానే బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకో. నవ్వకు. ఇరవై ఏడేళ్ళు ఇంజన్ రూమ్‌లో బతికినవాణ్ణి, నిప్పంటే ఏమిటో నాకు తెలుసు. 1918 ఫిబ్రవరి 26న అక్కడే వెదురుతో, చాపలతో కట్టిన తాత్కాలిక స్టాండ్లు కూలి, కింద వంట చేస్తున్న దుకాణాల పొయ్యిల మీద పడ్డాయి. నిమిషాల్లో అంతా అంటుకుంది. దాదాపు 600 మంది పోయారు. వాళ్ళ స్మారకం సో కోన్ పో కొండ మీద ఉంది. ఇప్పుడున్నది కాంక్రీటు, ఆ భయం అక్కర్లేదని నువ్వంటావు. అయినా చూసి పెట్టుకో. మీ స్నేహితులకి కూడా చూపించు.

పందేనికి ముందు గుర్రాల్ని తిప్పే ప్యారేడ్ రింగ్ దగ్గర నిలబడు. గుర్రాన్ని చూసుకునే మనిషిని మనం సైసు అంటాం, అక్కడ మాఫూ అంటారు. నేను చూసిన ఒక మాఫూ నడుస్తూనే అరచేతిని గుర్రం మెడ మీద ఆనించి ఉంచాడు. అది బెదిరి చెవులు వెనక్కి వాల్చినప్పుడల్లా ఆ చెయ్యి కొంచెం బరువుగా నొక్కేది. చెవులు మళ్ళీ లేచేవి. ఫ్లాష్ మాత్రం కొట్టకు, అవి బెదురుతాయి. తర్వాత రెయిలింగ్ దగ్గరికి పో. గుర్రాలు కనపడకముందే డెక్కల చప్పుడు నీ అరికాళ్ళకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి.

1984లో మా ఓడ అక్కడ లంగరు వేసింది. అప్పుడు నేను థర్డ్ ఇంజనీరుని. జీతంలోంచి అడ్వాన్స్ తీసుకుని ఒడ్డుకి దిగాను. మీ అమ్మ అప్పుడు డిగ్రీ చదువుతోంది. "అన్నయ్యా, టూ-ఇన్-వన్ తెస్తావా" అని ఉత్తరం రాసింది. అంటే రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసి ఉండేది. అది ఒక్కటే అడిగింది, పాపం. ఆ డబ్బు కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచాను. షాపు మర్నాడు పొద్దున వెళ్దామని, ఆ సాయంత్రం పందేలకు వెళ్ళాను.

రెండో రేసులో ఒక బూడిద రంగు గుర్రం మీద పది డాలర్లు కాశాను. గెలిచింది! ఎనభై పైన వచ్చాయి. రింగ్‌లో దాని నడక చూసి కాశాను కదా, నాకు గుర్రాల మీద చూపుందని నమ్మేశాను. నా తప్పు అక్కడే మొదలైంది. నాలుగో రేసుకి వచ్చింది పోయింది, ఆరో రేసుకి నా ఖర్చుల డబ్బు పోయింది. ఆఖరి రేసుకి కవరు చింపాను. నా గుర్రం మలుపు దాకా ముందే ఉంది. మలుపు తిరిగాక అక్కడ ఎంతో దూరం ఉండదు, చాలా పొట్టి దారి. ఆ కాస్త దూరంలోనే నలుగురు దాటిపోయారు. ఆ రాత్రి ఓడకు చేర్చే లాంచీకి డబ్బుల్లేక, మా ఎలక్ట్రీషియన్ దగ్గర అప్పు అడిగాను.

కాబట్టి విను. అక్కడ నువ్వు పందేలు నడిపే క్లబ్బుతో ఆడవు, నీ పక్కన నిలబడ్డ జనంతో ఆడతావు. అందరూ కాసిన డబ్బు ఒకచోట పోగేసి, విన్‌లోనూ (మొదట వచ్చే గుర్రం మీద కాసేది) ప్లేస్‌లోనూ (మొదటి కొన్నింట్లో వస్తే చాలనేది) ముందుగా నూటికి 17.5 తీసేసి, మిగిలింది పంచుతారు. నీకు చూపున్నా ఆ కోత ఆగదు. నువ్వు ఓడిపోతే నాకేం బెంగ లేదురా, గెలుస్తావేమోనని భయం. వంద డాలర్లు విడిగా పెట్టుకో, కార్డు హోటల్లో వదిలెయ్. పదేసి డాలర్లు ప్లేస్ మీద కాయి. ఏడు గుర్రాలకు తగ్గకుండా పరిగెడితే మొదటి మూడింట్లో ఏది వచ్చినా డబ్బొస్తుంది. వచ్చింది వేరే జేబులో వేసి, ఆ రాత్రికి ఆ జేబు మర్చిపో. బయటికొచ్చి వేడి వేడి నూడుల్స్ తిను, సన్నగా ఉన్నావు.

ఆ టూ-ఇన్-వన్ మీద సముద్రపు నీళ్ళు పడి పాడైందని మీ అమ్మకు చెప్పాను. "పోనీలే అన్నయ్యా, నువ్వు క్షేమంగా వచ్చావు" అంది. ఇంతవరకూ నిజం చెప్పలేదు. బుధవారం రాత్రి రూముకి చేరగానే వీడియో కాల్ చెయ్. ఆ రోజు మీ ఇంటికి వచ్చి కూర్చుంటాను. నువ్వు క్షేమంగా ఉన్నావని చూశాక, మీ అమ్మకు ఆ నిజం నేనే చెబుతాను.

మీ మామయ్య