గాలి ఎవరు తీశారు?

చిరంజీవికి,

నువ్వు పంపిన అనువాద కథ చదివాను. వాక్యం నడపడం నీకు చేతనవును. చిక్కంతా ‘డిఫ్లేట్’ అనే ఇంగ్లిషు క్రియ దగ్గర వచ్చింది. అది కనిపించిన ప్రతిచోటా ‘గాలి తీసినట్టయింది’ అని రాసుకుంటూ పోయావు. టైరుకీ అదే, ఉద్యోగం రాని కుర్రాడికీ అదే, పడిపోయిన ధరలకీ అదే. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోవడం అనువాదకులకు పాత జబ్బే, నీతో మొదలైంది కాదు.

ఆ క్రియ గడుసుది. గాలి దానంతట అది పోయినా, ఎవరో పనిగట్టుకుని తీసినా ఇంగ్లిషుకు ఒకే రూపం చాలు. తెలుగులో అలా కుదరదు. నీరుగారడం వేరు, నీరుగార్చడం వేరు. కాబట్టి ముందు ఆ పని ఎవరిదో తేల్చుకో. నీ కథలో కుర్రాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, జాబితాలో పేరు లేదంతే. అతను డీలాపడ్డాడు. అదే పెద్దాయన నలుగురిలో గొప్పలు పోతుంటే కోడలు ఒక్క ప్రశ్న వేసింది చూడు, అక్కడ నిజంగా గాలి తీసింది. ఆ మాట అక్కడికి దాచుకుని ఉంటే ఎంత పేలేదో! అన్నట్టు, మనవాళ్లకు ఉత్సాహం పోవడమంటే గాలి కన్నా నీళ్లే ముందు గుర్తొస్తాయి. ఆశల మీద నీళ్లు చల్లుతాం, నీరుగారిపోతాం. ఇంగ్లిషు గాలి అంది కదా అని నువ్వూ గాలినే పట్టుకు వేలాడనక్కరలేదు.

ఎవరు అన్నది తేలాక, ఎంత వేగంగా అన్నది చూడు. రక్తపోటు చూసే నర్సును గమనించావా? చేతికి చుట్టిన పట్టీలో గాలి నింపి, చిన్న మరను వేళ్లతో మెల్లగా తిప్పుతుంది. సూది సెకనుకు రెండు మూడు అంకెల చొప్పున దిగాలి. స్టెతస్కోపులో చప్పుడు మొదలైన చోట పై అంకె, పూర్తిగా ఆగిన చోట కింది అంకె. గాలిని ఒక్కసారిగా వదిలేస్తే ఆ రెండు చోట్లూ దాటిపోతాయి, లెక్క తప్పుతుంది. ఆమె చేసేదీ ‘డిఫ్లేట్’ చేయడమే. కానీ అక్కడ ‘గాలి తీసేసింది’ అని రాస్తే పట్టీ చిరిగిందేమో అనిపిస్తుంది. ‘మెల్లగా గాలి వదులుతోంది’ అంటే ఆమె వేళ్లు కనిపిస్తాయి.

డబ్బు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బెలూన్ల కోసం 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఈ క్రియ, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరల మీదికి ఎక్కింది. ధరల పెరుగుదల ఆరు శాతం నుంచి మూడు శాతానికి దిగితే ద్రవ్యోల్బణం తగ్గింది, అంతే. ధరలు పెరుగుతూనే ఉన్నాయి. ఆ పెరుగుదల శాతం సున్నా దాటి కిందికి జారితేనే, అంటే ధరలే పడిపోతేనే ప్రతిద్రవ్యోల్బణం. నువ్వు రెండింటినీ కలిపేశావు. చాలామంది కలుపుతారు, అయినా నువ్వు కలపకు. పైగా ధరలు తగ్గడం శుభవార్తలా రాశావు. అమెరికాలో 1929 నుంచి 1933 దాకా ధరలు దాదాపు పావు వంతు పడిపోయాయి. అప్పు పత్రం మీది అంకె మాత్రం కదల్లేదు. కూలి తగ్గింది, పంట ధర తగ్గింది, తీర్చాల్సిన అప్పు అలాగే ఉంది. అంటే అప్పు నిజానికి బరువెక్కింది. నీ కథలో రైతు కుంగిపోవడానికి కారణం అదే. ‘ధరలకు గాలి తీసినట్టయింది’ అనగానే ఆ కారణం పాఠకుడికి అందకుండా పోయింది. అక్కడ పోలిక అవసరమే లేదు, జరిగింది జరిగినట్టు చెప్పు.

గాలే పోని చోట్లూ ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో ఈ మాటకు గాలి ఇసుకను ఎగరేసుకుపోవడం అని అర్థం. సన్నటి రేణువులు లేచిపోతాయి, బరువైన గులకరాళ్లు నేలంతా పరుచుకుని మిగులుతాయి. అక్కడ గాలే దొంగ. కంప్యూటరు వాళ్లదైతే ఇంకా విచిత్రం. 1990లలో ఫిల్ కట్జ్ రూపొందించిన ‘డిఫ్లేట్’ పద్ధతి జిప్ ఫైళ్లలోనూ పీఎన్‌జీ బొమ్మల్లోనూ పనిచేస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని రెండోసారి రాయకుండా ‘ఇంత వెనక్కి వెళ్లి ఇంత తెచ్చుకో’ అని గుర్తు పెడుతుంది. తరచుగా వచ్చే గుర్తులకు పొట్టి సంకేతాలు ఇస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, కానీ ఒక్క అక్షరం కూడా పోదు, విప్పితే ఉన్నదున్నట్టు వస్తుంది. దానికి ‘కుదించడం’ సరిపోతుంది. పొరపాటున కూడా ‘తగ్గించడం’ అనకు.

కుర్రాడి పేరా, కోడలి పేరా ఒక గంట పని. ధరల పేరాను మాత్రం మొదటి నుంచి రాయాలి. రైతు బాకీ ఎంతో, ఆ ఏడు పంటకు ఎంత వచ్చిందో మూలంలో ఉన్నాయి, నువ్వే వదిలేశావు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.