నెలనెలా వచ్చే మందుల ఖర్చు గురించి

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

నాన్నకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయని తేలిందనీ, ఖర్చు ఎలా సర్దుకోవాలో తోచట్లేదనీ రాశావు. మందుల షాపు కౌంటర్ వెనక ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఖర్చు ఎక్కడ తగ్గించినా సరే, డోసులో మాత్రం తగ్గించొద్దు. రోజుకి రెండు మాత్రలు రాస్తే ఒకటే వేసుకునేవాళ్లను, పది రోజులకి కొనుక్కెళ్లి మళ్లీ రానివాళ్లను ఎంతమందిని చూశానో. బీపీ, షుగర్ నొప్పి పెట్టవు. అందుకే మందు మానేసినా మొదట్లో తేడా తెలియదు. లోపల రక్తనాళాలు, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటూనే ఉంటాయి. కిడ్నీలు పూర్తిగా చెడిపోతే డయాలసిస్ సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. ఆ రోజు రోగి పనీ పోతుంది, తోడు వెళ్లినవాళ్ల పనీ పోతుంది. మాత్రలు మానేసి మిగిల్చిన డబ్బు ఆ ఖర్చులో ఏ మూలకీ రాదు.

తగ్గించగలిగేది బ్రాండు దగ్గర. షుగర్‌కి మొదట రాసే మెట్‌ఫార్మిన్ 1950ల నుంచీ వాడుతున్న మందు. బీపీకిచ్చే అమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కిచ్చే అటోర్వాస్టాటిన్ పేటెంట్లు, అంటే ఒక్క కంపెనీకే ఉండే హక్కులు, కూడా ఎప్పుడో అయిపోయాయి. అంటే అదే మందును చాలా కంపెనీలు తయారుచేస్తాయి, ధరలో తేడా మాత్రం బాగా ఉంటుంది. బ్రాండు పేరుతో కాకుండా మందు అసలు పేరుతోనే అమ్మేవాటిని జెనరిక్ అంటారు. డాక్టర్ని మొహమాటపడకుండా అడుగు: "వీటిలో జెనరిక్ వాడదగినవి ఏవండీ?" అని. ఇలా అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అని చాలామంది వెనకాడతారు. అడగాల్సిన ప్రశ్నే అది. రెండు మందులు కలిపిన మాత్ర రాస్తే, విడివిడిగా కొంటే ఎంతవుతుందో కూడా లెక్క చూసుకో. ఒక్కోసారి కలిపింది చవక, ఒక్కోసారి కాదు.

అలాగని కొత్త మందు ఖరీదైనదని ముందే వద్దనకు. గుండె, కిడ్నీ సమస్య ఉన్న షుగర్ రోగులకి కొన్ని కొత్త మందులు నిజంగానే రక్షణ ఇస్తాయి. నాన్నకి దానివల్ల ఏం లాభమో అడిగి తెలుసుకో. థైరాయిడ్ మాత్రలు, ఫిట్స్ మందులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ లాంటివాటిలో కంపెనీని మాటిమాటికీ మార్చకూడదు. మార్చాల్సొస్తే డాక్టరుకి చెప్పే మార్చాలి.

పరీక్షల దగ్గర కూడా డబ్బు ఊరికే పోతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దాదాపు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది, కాబట్టి నెలనెలా చేయించడంలో అర్థం లేదు. మందు మారుస్తున్నప్పుడు మూడు నెలలకోసారి, షుగర్ అదుపులో ఉంటే ఏడాదికి రెండుసార్లు చాలు. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, కంటి పరీక్ష మాత్రం ఏడాదికోసారి తప్పనిసరి. వాటిలో పొదుపు చెయ్యకు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టి, ఎక్కడికెళ్లినా పట్టుకెళ్లు. ఆ ఒక్క ఫైలు లేక, చేయించిన పరీక్షలే మళ్లీ చేయించుకున్నవాళ్లు ఎందరో!

షుగర్ పూర్తిగా పోతుందని అమ్మే పొడుల జోలికి వెళ్లనివ్వకు. ఈ విషయంలో నాకు చాలా కోపం. డబ్బు పోవడం ఒక ఎత్తు, వాటిని నమ్మి అసలు మాత్రలు మానేయడం ఇంకో ఎత్తు.

ఆరోగ్య బీమా తీసుకుంటే ఉన్న జబ్బును దాచొద్దు. దాచినట్టు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. ముందే ఉన్న జబ్బులకి బీమా వర్తించాలంటే ఎన్నాళ్లు ఆగాలో పాలసీలో చదివి సంతకం పెట్టు.

ఒక పని చెయ్యి. నాన్న వాడుతున్న మందుల పేర్లు, డోసులు, ఒక్కోదానికి నెలకి అవుతున్న ఖర్చు ఒక కాగితం మీద రాయి. రానుపోను ఖర్చులు, నువ్వు సెలవు పెట్టిన రోజులకి కోత పడ్డ జీతం కూడా కలుపు, అవి ఎవరూ లెక్కలో వేసుకోరు. ఆ కాగితం నాకు పంపు. ఏ మందు గురించి డాక్టర్ని ఏం అడగాలో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను. మళ్లీ చూపించుకునే తేదీకి ముందే నీకు అందేలా చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న