మానవ క్లోనింగ్‌ను అందరూ వద్దంటున్నా అంతర్జాతీయ నిషేధం ఎందుకు రాలేదు?

ప్రపంచ దేశాలన్నీ మానవ క్లోనింగ్‌ను తప్పుపడుతున్నప్పుడు ఐక్యరాజ్య సమితి దానిని ఎందుకు నిషేధించలేకపోయింది, ఈ విషయంలో మన దేశం ఎటు నిలబడింది అన్నది ఇక్కడి ప్రశ్న. నేను శాస్త్రవేత్తను కాను, న్యాయవాదిని కూడా కాను. ఐవీఎఫ్, అంటే శరీరం బయట పిండాన్ని తయారుచేసి గర్భంలో ఉంచే చికిత్స చేయించుకున్న స్త్రీని. మిగిలిన పిండాలను భద్రపరచాలా, పరిశోధనకు ఇవ్వాలా, పారవేయాలా అని అడిగే సమ్మతి పత్రం మీద సంతకం చేయవలసి వచ్చినప్పటి నుంచి ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను.

ముందుగా ఒక తేడా గమనించాలి. అండంలోని కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని తీసివేసి, పెద్దవారి శరీర కణంలోని కేంద్రకాన్ని అందులో ప్రవేశపెట్టి పిండాన్ని తయారుచేయడం వరకు పద్ధతి ఒక్కటే. ఆ పిండాన్ని గర్భంలో ఉంచితే, కణం ఇచ్చిన మనిషి జన్యువులతోనే బిడ్డ పుట్టవచ్చు. ప్రయోగశాలలోనే కొన్ని రోజులు పెంచి దాని నుంచి మూలకణాలను, అంటే శరీరంలోని రకరకాల కణాలుగా మారగల కణాలను తీస్తే అది వైద్య పరిశోధన అవుతుంది. మొదటిదాన్ని సమర్థిస్తూ ఐక్యరాజ్య సమితిలో ఎవరూ నిలబడలేదు. గొడవంతా రెండోదాని గురించే.

2001లో ఫ్రాన్స్, జర్మనీ బిడ్డలను పుట్టించే క్లోనింగ్‌ను మాత్రమే నిషేధించే ఒప్పందం కావాలని ప్రతిపాదించాయి. పిండం ఏర్పడిన క్షణం నుంచే అది మానవ జీవితమని, దానిని పరిశోధన కోసం సృష్టించి నాశనం చేయడం ఇంకా పెద్ద తప్పని భావించిన అమెరికా, కోస్టారికా వంటి దేశాలు రెండింటినీ కలిపి నిషేధించాలని పట్టుబట్టాయి. 2003 నవంబరులో చర్చను వాయిదా వేయాలన్న తీర్మానం కమిటీలో 80–79తో, అంటే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. చివరికి 2005 మార్చి 8న సర్వసభ్య సభ ఆమోదించింది కట్టుబడి తీరవలసిన ఒప్పందాన్ని కాదు, ఒక ప్రకటనను మాత్రమే. దానికి అనుకూలంగా 84 దేశాలు, వ్యతిరేకంగా 34 దేశాలు ఓటు వేయగా 37 తటస్థంగా ఉండిపోయాయి. అందరూ ఒప్పుకున్న చిన్న నిషేధాన్ని అందరూ ఒప్పుకోని పెద్ద నిషేధంతో ముడిపెట్టి రెండింటినీ పోగొట్టుకున్నారన్నది నా అభిప్రాయం. అమెరికాలోనూ ఇదే జరిగింది: ప్రతినిధుల సభ 2001లోనూ 2003లోనూ సంపూర్ణ నిషేధ బిల్లును ఆమోదించినా సెనేట్‌లో అది ముందుకు కదలలేదు. బ్రిటన్ మాత్రం 2001లోనే రెండింటినీ విడదీసి, క్లోనింగ్ పిండాన్ని గర్భంలో ఉంచడాన్ని నేరంగా ప్రకటించి, పరిశోధనను లైసెన్సుల కిందకు తెచ్చింది.

‘నకలు మనిషి’ పుడతాడన్న భయం నాకు బలమైన అభ్యంతరంగా కనిపించదు. ఒకే జన్యువులతో పుట్టిన కవలలు మన ఇళ్లలోనే వేర్వేరు మనుషులుగా పెరుగుతున్నారు. అసలు అభ్యంతరం ప్రమాదం. 1996లో స్కాట్లండ్‌లో పుట్టిన డాలీ అనే గొర్రె కోసం 277 అండాలను ఉపయోగించగా పుట్టినది ఆ ఒక్కటే. 2018 జనవరిలో షాంఘై శాస్త్రవేత్తలు ప్రకటించిన రెండు కోతిపిల్లల కోసం 21 ఆడకోతుల గర్భాల్లో పిండాలను ఉంచారు. అవి గర్భస్థ పిండపు కణాలతో పుట్టినవి. పెద్ద కోతి కణాలతో చేసిన ప్రయత్నంలో 42 కోతులను వాడితే రెండు పిల్లలు పుట్టి వెంటనే చనిపోయాయి. ఈ లెక్కలను చూశాక మనుషుల మీద ప్రయత్నిద్దామని ఏ వైద్యుడు అనగలడు?

అయితే పిండానికి హక్కులున్నాయా లేదా అని గంటల తరబడి వాదించుకునేవారు, ఆ అండాలు ఎక్కడి నుంచి వస్తాయని అరుదుగా అడుగుతారు. ఐవీఎఫ్‌లో అండాల కోసం రోజూ హార్మోను ఇంజెక్షన్లు తీసుకోవాలి, స్కానింగ్‌లకు తిరగాలి, మత్తు ఇచ్చి సూదితో అండాలను తీయించుకోవాలి. కొందరికి అండాశయాలు వాచి పొట్టలో నీరు చేరుతుంది. నాకు ఆ ఇబ్బంది స్వల్పంగానే కలిగినా మెట్లెక్కడానికి ఆయాసపడ్డాను. నేను బిడ్డ కోసం అవన్నీ ఓర్చుకున్నాను. అదే గదిలో పక్క మంచం మీద ఉన్న అమ్మాయి డబ్బు అవసరమై అండదాతగా వచ్చింది. ఆమెతో వచ్చిన ఏజెంటు కాగితాలన్నీ తన చేతిలోనే పెట్టుకుని, సంతకం చేయవలసిన చోటు వేలితో చూపించాడు.

దక్షిణ కొరియా ఉదంతం చదివినప్పుడు నాకు ఆమే గుర్తుకు వచ్చింది. క్లోనింగ్ పిండం నుంచి మూలకణాలు తీశామని 2004లో ప్రకటించిన అక్కడి శాస్త్రవేత్త హ్వాంగ్ వూ సుక్ బృందం 242 అండాలు వాడామని చెప్పుకుంది. 2006 జనవరిలో విశ్వవిద్యాలయ విచారణ ఆ ఫలితాలు కల్పితమని తేల్చింది. వంద మందికి పైగా స్త్రీల నుంచి రెండు వేలకు పైగా అండాలు తీసుకున్నారని, దాతల్లో ఆ ప్రయోగశాలలోనే పనిచేసే యువ పరిశోధకురాలు కూడా ఉన్నారని బయటపడింది. తన పై అధికారి ప్రయోగానికి అండం ఇచ్చే ఉద్యోగిని సమ్మతిని ఎంతవరకు సమ్మతి అనగలం? అదే 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా ఎలుక చర్మ కణాలనే మూలకణాల వంటివిగా మార్చి చూపి, మరుసటి ఏడాది మానవ కణాలతోనూ సాధించారు. దానితో ఈ పరిశోధనకు అండాల అవసరం బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. 2013లో అమెరికాలోని ఒరెగాన్ శాస్త్రవేత్తలు క్లోనింగ్ పద్ధతిలోనే మానవ మూలకణాలను తీయగలిగారు.

ఇక మన దేశం సంగతి. బిడ్డలను పుట్టించే క్లోనింగ్‌కు వ్యతిరేకమంటూనే, పరిశోధనను కూడా అడ్డుకునేలా ఉందని 2005 నాటి ప్రకటనకు భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు బిడ్డలను పుట్టించే క్లోనింగ్‌ను నిషేధించాయి. అయితే మార్గదర్శకాలు పార్లమెంటు చేసిన శాసనం కావు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం వచ్చాక అండదాత వయస్సు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలని, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడుకు మించి అండాలు తీయరాదని, ఆమెకు బీమా చేయించాలని నియమం ఏర్పడింది. క్లోనింగ్‌పై ప్రత్యేక చట్టం తెస్తే అందులో బిడ్డను పుట్టించే ప్రయత్నానికి నేరుగా శిక్ష ఉండాలని, పరిశోధనను లైసెన్సుతో అనుమతించాలని, అండం ఇచ్చే స్త్రీతో ఏజెంటు గానీ పై అధికారి గానీ లేకుండా, ఆమె భాషలోనే మాట్లాడి సమ్మతి తీసుకునే వైద్యేతర వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉండాలని నేను కోరుకుంటాను.