కాలువ నీళ్లు పిల్లలతో కొలిపించొచ్చా?

ప్రశ్న: సర్, మా స్కూలు ఏలూరు కాలువ పక్కనే. ఎనిమిదో క్లాసు పిల్లలు కాలువకి ఏదైనా చేద్దాం అంటున్నారు. మా హెడ్‌మాస్టర్ గారేమో ఒక ఆదివారం గుర్రపు డెక్క తీయించి ఫొటోలు పెడదాం, చాలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సైన్స్ టీచర్, విజయవాడ

జవాబు: మేడమ్, డెక్క పిల్లలతో తీయించొద్దు. అడుగు ఎంత లోతుందో తెలీదు, గాజుపెంకులుంటాయి, పైగా మురుగు కలుస్తున్నంత కాలం తీసిన డెక్క మళ్లీ అల్లుకుంటుంది, ఎందుకంటే దానికి కావాల్సిన ఎరువంతా ఆ మురుగులోనే ఉంది.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిపించండి, మురుగు కలిస్తే అది తగ్గిపోతుంది. కాలువలోకి ఒక మురుగు డ్రైను ఎక్కడ కలుస్తుందో చూసుకుని దానికి ఎగువన ఒక వంతెన, దిగువన ఒక వంతెన ఎంచుకోండి. రెండు చోట్లా వారానికోసారి, ఒకే టైముకి తాడు కట్టిన బకెట్‌తో నీళ్లు తోడితే చాలు, ఎవరూ గట్టు దిగక్కర్లేదు. టైము ఎందుకంటే రాత్రంతా నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటాయి కాబట్టి తెల్లారి అది తక్కువుంటుంది, మధ్యాహ్నానికి పెరుగుతుంది, ఒకవారం పొద్దున ఒకవారం సాయంత్రం తీస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

పీహెచ్‌కి, అంటే నీళ్లు ఆమ్లమా క్షారమా చూడ్డానికి, కాగితాలు చాలు. కరిగిన ఆక్సిజన్‌కి చుక్కల కిట్ దొరుకుతుంది, రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటితే చేపలకి పర్లేదు. సీసాని బకెట్లో ముంచి బుడగ లేకుండా మూత పెట్టాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే, పైనుంచి దబదబా పోస్తే గాలి కలిసిపోయి మురుగు నీళ్లు కూడా బాగున్నట్టు చూపిస్తాయి. కిట్‌లో యాసిడ్ ఉంటుంది, ఆ చుక్కలు మీరే వేయండి, వాడిన నీళ్లు మళ్లీ కాలువలో పారబోయొద్దు (నవ్వకండి, పోసేవాళ్లున్నారు).

బురద రంగు చూసి కంగారుపడొద్దు, కృష్ణకి వరదొస్తే బ్యారేజీ నుంచి ఎర్రనీళ్లే వస్తాయి, అది మురుగు కాదు. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు మిగిలేది చాలావరకు డ్రైను నీళ్లే, అందుకే నీళ్లు వదిలారా లేదా అన్నది ప్రతివారం రాయించండి.

డ్రైనుకి దిగువ వంతెన దగ్గర మాత్రమే ఆక్సిజన్ నెలల తరబడి తక్కువొస్తుంటే ఆ నోట్‌బుక్ జిరాక్స్ తీసి కార్పొరేషన్‌కి ఒకటి, ఇరిగేషన్ వాళ్లకి ఒకటి ఇవ్వండి. హెడ్‌మాస్టర్ గారి ఫొటో అప్పుడు తీయొచ్చు.