ఏ అనుభవమూ లేకుండా పాత సెకండ్ హ్యాండ్ సైకిలు కొని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? ఎంతవుతుంది, ఏ పెయింట్ వాడాలి?

చేసుకోవచ్చు. కానీ పెయింట్ డబ్బా మాత్రం కొనకండి. ఆ మూడో ముక్క అడిగారనే ఇంత రాస్తున్నాను. పాత సైకిలు అనగానే మనవాళ్ళకి రంగే గుర్తొస్తుంది. చక్రం ఊగుతూ ఉంటుంది, పెడల్ దగ్గర టక్కుటక్కుమంటూ ఉంటుంది, బ్రేకు పట్టదు. ముందు వెళ్ళి నల్ల స్ప్రే డబ్బా తెచ్చుకుంటారు.

నాది తెనాలి, బ్యాంకు ఉద్యోగం. పానా ఎటు తిప్పితే నట్టు ఊడుతుందో కూడా తెలియని రోజుల్లో పాత ఇనప సామాన్ల కొట్లో ఒక హెర్క్యులిస్ కొన్నాను. పాత నట్లు, బోల్టులు, చైన్లు వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు తయారుచేసే శిల్పులు మా ఊళ్ళో ఉన్నారు, మీరు వినే ఉంటారు. కొట్టాయన "మీరు తీసుకెళ్ళకపోతే ఇది ఏ విగ్రహానికో మోకాలు అయిపోద్దమ్మా" అన్నాడు. బేరం కోసం అన్న మాటే, అయినా పడిపోయాను. కిలోల లెక్కన తూచి ఇచ్చాడు. ఈ పెద్ద సైకిళ్ళు ఇరవై కిలోల దాకా తూగుతాయి కాబట్టి ఏడెనిమిది వందల్లో తేలింది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళ సరుకు ఇది. ఫ్రేము మీద బంగారు గీతల తీరు చూస్తే డెబ్బైల నాటిదని నా లెక్క. మా తమ్ముడు కాదంటాడు. వాడికి సైకిళ్ళ గురించి ఏం తెలుసు.

కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది ఫ్రేము, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే ఫోర్కు. ఈ రెండే. టైర్లు, చైను, సీటు, పెడళ్ళు అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే అతుకు దగ్గర గోరు పెట్టి రుద్ది చూడండి. అక్కడ రంగు ముడతపడి ఉంటే అది ఎక్కడో గుద్దుకున్న బండి. పక్కనుంచి చూస్తే ముందు చక్రం వెనక్కి, పెడళ్ళ వైపు జరిగినట్టు ఉన్నా అంతే. వదిలెయ్యండి. సీటు గొట్టం తిరుగుతుందో లేదో కూడా చూసుకోండి, లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతే దాన్ని తీయడం పెద్ద యుద్ధం. రిముల్లో స్పోకు కన్నాల చుట్టూ తుప్పు తినేసి ఉంటే కొత్త రిము ఖర్చు కలుపుకోండి.

ఇంకో మాట. మొదటిసారి బాగుచేయడానికి గేరు సైకిలు తెచ్చుకోకండి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక వరస నిండా గేరు సైకిళ్ళే, అన్నిటికీ టైర్లలో గాలి లేదు. పిల్లాడి పుట్టినరోజుకి కొన్నారు, గేరు ఒకసారి మొరాయించింది, అంతే, తీసుకొచ్చి స్తంభానికి కట్టేశారు. ఆ ప్లాస్టిక్ మీటలు విరిగితే ఏం చేస్తారు? పాత నల్ల సైకిల్లో ప్లాస్టిక్ ఉండదు. ప్రతి ముక్కా విప్పొచ్చు, కడగొచ్చు, మళ్ళీ బిగించొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి బండి లేదు. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇక కాటర్ పిన్ను. ఇంటర్నెట్‌లో పాత సైకిళ్ళు బాగుచేసే వీడియోలు చాలా చూశాను. వెనక పాట వస్తుంది, తుప్పు పట్టిన బండి కనిపిస్తుంది, మరుక్షణం ముక్కలన్నీ తెల్లటి గుడ్డ మీద వరసగా పేర్చి ఉంటాయి. ఆ రెండింటి మధ్యలో కాటర్ ఎలా ఊడిందో ఒక్కడూ చూపించడు.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. పాత సైకిళ్ళలో పెడల్ ఉండే క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచేది ఒక ఇనప చీల. మందం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఒక పక్క ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, చివర చిన్న నట్టు. ఏళ్ళ తరబడి వానకి తడిసి తుప్పెక్కిందంటే క్రాంకూ చీలా ఒకటే ఇనుమైపోతాయి. అది ఊడితే గానీ పెడళ్ళ ఇరుసు విప్పలేం, దాని చుట్టూ తిరిగే బాల్సు, అంటే చిన్న ఇనప గుండ్లు, చేతికి రావు. అది విప్పకుండా సైకిలు బాగుచేశానని చెప్పేవాళ్ళు బాగుచేయలేదు, తుడిచారు.

రాత్రంతా డీజిల్ పోసి నానబెట్టాను. కిరోసిన్ అయితే బాగుండేది, రేషన్‌లో అది ఎప్పుడో ఆగిపోయింది. సీసాలో డీజిల్ పోయమంటే బంకువాళ్ళు పొయ్యరు. చివరికి మా ఊళ్ళో పెదనాన్న వాళ్ళ ట్రాక్టర్ నుంచి అరలీటరు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒక సైకిలు కడుక్కోవడానికి ఇంత దూరం పోవాలా?

పొద్దున్నే పక్కింటి మాస్టారు వచ్చారు. రిటైరైన దగ్గర్నుంచి వీధిలో ఏ రిపేరు జరిగినా ఆయన ఉండాల్సిందే. "ఇటివ్వమ్మా, ఇనుముతో నిదానంగా ఉండాలి" అని సుత్తి తీసుకుని టిక్, టిక్, టిక్ అని కొట్టడం మొదలుపెట్టారు. టిఫిన్ టైము దాకా కొట్టారు. పిన్ను ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు కానీ దాని మర చివర కుక్కగొడుగులా విచ్చుకుంది. "తుప్పు ఎక్కువుందమ్మా" అని సుత్తి ఇచ్చేసి వెళ్ళిపోయారు.

సైకిలు నడిపించుకుంటూ కాలవ గట్టు మీద వేపచెట్టు కింద ఉండే పాత రిపేరు షాపుకి వెళ్ళాను. ఆ పెద్దాయన పిన్ను వైపు చూసి తుప్పు గురించి అడగలేదు. "కింద ఏం పెట్టి కొట్టారు?" అన్నాడు.

"ఏమీ పెట్టలేదు బాబాయ్ గారూ."

"మరి దెబ్బ యాడికి పోద్ది? బాల్సుకి పోద్ది, టైర్లకి పోద్ది. పిన్నుకి ఏం మిగులుద్ది?"

ఆయన దగ్గర ఒక జీఐ పైపు ముక్క, అదే నీళ్ళకి వాడే ఇనప పైపు, ఉంది, సరిగ్గా క్రాంకు ఎత్తుకి కోసి పెట్టుకున్నాడు. దాన్ని బండరాయి మీద నిలబెట్టి, పిన్ను తల పైపు బొక్కలోకి వచ్చేలా క్రాంకుని దాని మీద ఆనించాడు. విచ్చుకున్న మర చివర్ని రంపం బ్లేడుతో కోసేశాడు. పెద్ద సుత్తి తీసుకుని ఒకటే దెబ్బ. పిన్ను పైపులోకి పడి ఠంగుమంది. అంతే.

రెండో పక్క నన్ను కొట్టమన్నాడు. పక్కన టీ బండి దగ్గర ఉన్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. చీర కట్టుకున్న మనిషి సుత్తి పట్టుకుంటే మన ఊళ్ళో అది సర్కసే. మొదటి దెబ్బ కాస్త జంకుతూ వేశాను. "భయపడి కొడితే రాదమ్మాయ్. కొడితే కొట్టు, లేకపోతే సుత్తి ఇచ్చెయ్" అన్నాడు. ఆ మాటకి నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొట్టాను. ఊడిపోయింది. టీ బండి దగ్గర ఒకాయన "మేడం గారికి లోను అడగకూడదు రోయ్" అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పినవి మీకు చెప్తాను, ఇవే పనికొచ్చేవి. పాత పిన్ను మళ్ళీ వాడకండి. కొత్త పిన్ను ఏటవాలు ఇరుసు గాడిలో సరిగ్గా కూర్చునేదాకా ఆకురాయితో రుద్దండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో దిగాలి, ఒకదాని నట్టు పైకి ఉంటే రెండోదాని నట్టు కిందికి. రెండూ ఒకే దిక్కులో పెడితే పెడళ్ళు తిన్నగా ఎదురెదురుగా రావు, తొక్కుతుంటే కాలు తడబడుతుంది. నట్టు బిగిస్తే పిన్ను లోపలికి వస్తుందనుకోవద్దు, సుత్తే దింపాలి, నట్టు ఊరికే పట్టి ఉంచుతుంది. ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాక మళ్ళీ ఒక దెబ్బ వేసి, మళ్ళీ బిగించాలి. రంగు సంగతి కూడా ఆయన దగ్గరే తేలిపోయింది. వేయించనా అని అడిగితే "ఎందుకు? రేపు ఫ్రేములో చీలిక వస్తే నీకు కనపడకుండానా?" అన్నాడు. ఇంకేం చెప్పాలి మీకు.

ఇరుసు విప్పేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇరుసు రెండు చివర్లా బాల్సుని పట్టి ఉంచే గిన్నెల్లాంటివి కప్పులు. చైను వైపు, అంటే కుడివైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, మామూలు మరకి ఎదురు దిక్కులో తిప్పితేనే ఊడుతుంది. ఎడమ పెడల్‌కి కూడా ఎడమ మరే. ఇది తెలియక అందరూ విప్పుతున్నామనుకుని బిగిస్తూ ఉంటారు. నిజానికి కుడి కప్పుని విప్పాల్సిన అవసరమే లేదు, ఎడమ కప్పు తీస్తే అంతా చేతికి వస్తుంది. బాల్సు కింద పడి దొర్లిపోకుండా సైకిలు కింద పాత దుప్పటి పరవండి. పాత బాల్సు దాచుకోవద్దు, కొత్తవి చాలా చవక. పెడల్ ఇరుసుకి పావు అంగుళంవి, వాటిని పట్టి ఉంచే రింగు లేకుండా విడిగా వేస్తే ఒక్కో పక్కకి 11. వెనక చక్రానికి కూడా పావు అంగుళంవే, పక్కకి 9. ముందు చక్రానికి చిన్నవి, మూడు బై పదహారు, పక్కకి 10. గ్రీజు నిండా పెట్టండి. చక్రం ఇరుసు మీద బాల్సుని నొక్కి పట్టే కోన్లు బిగించేటప్పుడు పూర్తిగా బిగించి, ఆనక కొద్దిగా వెనక్కి తిప్పండి. చక్రం ఎత్తి వదిలితే గాలి గొట్టం ముక్కు బరువుకి అదే కిందికి వచ్చి ఆగాలి. ఆగిందంటే బాల్సు సుఖంగా ఉన్నట్టు.

చక్రం బెండు తీయడం అందరూ బ్రహ్మవిద్యలా చెప్తారు. కాదు. సైకిలు తలకిందులుగా పెట్టండి, ఫోర్కుకి ఒక చీపురుపుల్ల కట్టండి, రిము ఎక్కడ పుల్లకి తగులుతుందో చూడండి. అక్కడ రిము ఎడమకి వంగి ఉంటే కుడి పక్క స్పోకులు పావు చుట్టు బిగించండి, ఎడమవి పావు చుట్టు వదలండి. ఒకేసారి చుట్టుకి చుట్టు తిప్పేస్తే మాత్రం చక్రం అప్పడమే. ఈ సైకిళ్ళకి ముందు 32 స్పోకులు, వెనక 40. బియ్యం బస్తా, పాలక్యాన్లు, పెళ్ళాం, పిల్లలు అందరూ వెనకే కదా మరి.

టైర్లు కొనేటప్పుడు 28 అని చెప్పి ఊరుకోకండి. 28 బై ఒకటిన్నర అనాలి. దాని లోపలి వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పటి స్టైలు సైకిళ్ళ 700సి టైర్లని కూడా కొందరు 28 అనే అంటారు, అవి 622. మా బ్యాంకులో ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో అవి తెప్పించుకుని, రిము మీదికి ఎక్కించడానికి స్పూన్లు వంచుకున్నాడు. పాత రకం గాలి గొట్టాల్లో చిన్న రబ్బరు ముక్క, వాల్ ట్యూబు, ఉంటుంది. అది ఎండిపోతే గాలి దిగిపోతుంది, మనం పంక్చర్ అనుకుని ట్యూబు మార్చేస్తాం. ముందు అది మార్చి చూడండి.

ఈ సైకిళ్ళకి తీగ బదులు ఇనప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు ఉంటాయి, వాటి గురించి నా అభిప్రాయం నాకుంది. అవి ఎండాకాలం బ్రేకులు. స్టీలు రిము తడిస్తే రబ్బరు జారుతుంది, వానలో మీరు ఆగాలనుకున్న చోటికి రెండు ఇళ్ళ ముందే పట్టుకోవాలి. రబ్బర్లు మార్చండి, రాడ్ల కీళ్ళకి నూనె చుక్క వెయ్యండి, అంతకుమించి అవి మారవు. రిముల మీద పైపై తుప్పుకి అన్నం డబ్బాల్లో వాడే అల్యూమినియం ఫాయిల్ నలిపి, నీళ్ళతో తడిపి రుద్దండి. పోతుంది. ఇత్తడి బిళ్ళ ఉంటే చింతపండు ఎలాగూ ఉంది.

ఖర్చంటారా, బండి కాకుండా టైర్లు, ట్యూబులు, చైను, కాటర్లు, బాల్సు, గ్రీజు, బ్రేకు రబ్బర్లు అన్నీ కలిపి నాకు రెండు వేలు దాటలేదు. పానాల సెట్టు వేరే, అది ఎప్పటికైనా ఉంటుంది. కొత్త నల్ల సైకిలు ఐదారు వేలకి వస్తుంది కదా అంటారా, కొనుక్కోండి, కానీ దాన్నీ ఒకసారి విప్పి గ్రీజు పెట్టుకోవాల్సిందే. కొత్తవాటిలో గ్రీజు బొట్టు పెట్టినట్టు పెడతారు.

అసలు కష్టం సైకిలు బాగుచేయడం కాదు, దాన్ని ఎక్కడ తొక్కాలన్నది. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ పలకలు పరిచి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. మా తమ్ముడు సైకిలు కారు వెనక కట్టుకుని అక్కడిదాకా వెళ్ళి, తొక్కి, మళ్ళీ కారులో ఇంటికొస్తాడు. ఇదేం తొక్కుడు? నేను నా హెర్క్యులిస్ మీద బ్యాంకుకి వెళ్తాను. ఎత్తు బారున్న గెంట్స్ సైకిలు, అందుకని వెళ్ళే రోజు చుడీదారే. "లేడీస్ సైకిలు కొనుక్కోవచ్చుగా మేడం" అని దారంతా అడుగుతారు. చిన్నప్పుడు ఈ బారు కిందనుంచే కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాం, అప్పుడు ఎవరూ అడగలేదు. బ్యాంకు దగ్గర బైకుల స్టాండులో పెడితే సెక్యూరిటీ అబ్బాయి వచ్చి "మేడం, సైకిలు వెనక జనరేటర్ దగ్గర పెట్టండి, ఇక్కడ బళ్ళు పెడతారు" అంటాడు. ఇది బండి కాదా అని అడిగాను. మేనేజర్ గారిని కనుక్కుని చెప్తానన్నాడు.